పోటు వచ్చేలోపు

ప్రకృతి శిబిరం వాళ్ల కాగితం మీద ఏడున్నరకు టిఫిన్, తొమ్మిదింటికి క్షేత్ర పరిశీలన అని ఉంది. పడవ నడిపే మత్స్యకారుడు దాన్ని ఒకసారి చూసి వెనక్కిచ్చేశాడు. "తొమ్మిదింటికి పోటెక్కుద్దండీ. చూసేదేదో పాటులోనే చూసుకోవాలి, ఆయ్" అన్నాడు. ఇడ్లీ పొట్లాలు సంచుల్లోకి వెళ్లాయి. చీకట్లు విడుతుండగానే ఇరవై మంది డిగ్రీ విద్యార్థులు యానాం రోడ్డు దిగి కోరింగ మడ అడవిలోకి నడిచారు.

కాకినాడకు పక్కనే, గౌతమీ గోదావరి పాయలు సముద్రంలో కలిసే చోట పెరిగిన అడవి ఇది. 1978లో అభయారణ్యమైంది. విస్తీర్ణం 235 చదరపు కిలోమీటర్ల పైమాటే. పర్యాటకులు చెక్క వంతెన మీద నడిచి, ఫొటోలు దిగి, గంటలో వెళ్లిపోతారు. ఈ పిల్లలకు ఆ సుఖం లేదు. వాళ్ల పని బురదలో. మోకాలి లోతు దిగబడ్డ నా కుడి చెప్పు ఇప్పటికీ అక్కడే ఉంది.

తుని వైపు మెట్ట ఊరి నుంచి వచ్చిన ఒక అమ్మాయి వెంట నడిచాను. ఉప్పు బురదలో కాలు పెట్టడం ఆమెకు అదే మొదలు. చేతిలో నాలుగు వెదురు పుల్లలు, పురికొస, అట్టకు బిగించిన కాగితాలు. మీటరు పొడవు, మీటరు వెడల్పుతో చదరం కట్టి, అందులో నిలబడ్డ శ్వాస వేళ్లన్నీ లెక్కపెట్టాలి.

నీరు నిండిన ఈ ఒండ్రులో గాలి ఆడదు. అందుకే మడ చెట్టు వేళ్లు నేలలో అడ్డంగా పాకుతూ, పెన్సిళ్ల లాంటి కొమ్ములను పైకి పంపుతాయి. వాటి మీది సన్నని రంధ్రాల గుండా గాలి లోపలికి పోతుంది. ఒక పెద్ద చెట్టుకు ఇలాంటివి వేలల్లో ఉంటాయి. పుస్తకంలో ఇది ఒక బొమ్మ, రెండు వాక్యాలు. ఇక్కడ మాత్రం ఆమె లెక్కకూ జట్టులోని అబ్బాయి లెక్కకూ ఇరవై తేడా వచ్చింది.

ఇద్దరూ లెక్క తప్పలేదు. పురికొసను తాకుతున్న వాటిని అతను కలిపాడు, ఆమె వదిలేసింది. చివరికి రెండు వైపుల తాకిన వాటిని కలుపుకోవాలని, మిగతా రెండు వైపులవి వదిలేయాలని వెంట వచ్చిన మేడమ్ చెప్పాక మళ్లీ మొదలుపెట్టారు. అంగుళం ఎత్తున్న ఒకదాని దగ్గర మళ్లీ ఆగారు: ఇది వేరా, మొలకా? పీకి చూస్తే తేలిపోతుంది. పీకకూడదు. వంగి, చెంప బురదకు ఆనేంత దగ్గరగా చూసి, రెండు చిన్న ఆకులు కనిపించాక దాన్ని వదిలేశారు.

ప్రకృతి శిబిరమంటే పాటలూ చలిమంటా అనుకుని వచ్చినవాళ్లు ఈపాటికి నడుములు పట్టుకున్నారు.

మడ ఆకు నాకితే ఉప్పగా ఉంటుంది. లోపలికి చేరిన ఉప్పును ఆ చెట్టు ఆకుల మీదకు నెట్టేస్తుంది. ఉప్పు పొన్న చెట్టు మాత్రం చాలా మటుకు వేళ్ల దగ్గరే ఆపేస్తుంది. రుచి చూడ్డం నేర్చిన ఉత్సాహంలో ఒకడు పక్క చెట్టు కొమ్మ వంచబోతే మత్స్యకారుడు గట్టిగా అరిచాడు. అది తిల్ల చెట్టు. "పాలు కంట్లో పడితే చూపు పోద్ది బాబూ!"

తర్వాత చెట్ల చుట్టుకొలతలు. మామూలుగా ఛాతీ ఎత్తులో, అంటే 1.3 మీటర్ల దగ్గర టేపు చుడతారు. ఉప్పు పొన్నకు ఆ ఎత్తులో తరచూ మాను ఉండదు, నేల మీదికి దిగిన ఊత వేళ్లే ఉంటాయి. అన్నిటికన్నా పైనున్న వేరుకు ఒక అడుగు పైన కొలవాలి. సముద్రానికీ ఊళ్లకూ మధ్య ఎంత అడవి ఉందో ఈ అంకెలే చెబుతాయి. ఈ తీరానికి ఆ లెక్క అవసరం. ఒకప్పుడు ఓడలు కట్టిన కోరింగ రేవును 1789లో, మళ్లీ 1839లో ఉప్పెనలు ముంచేశాయి.

అందరి ఆశా బావురుపిల్లి మీదే. అది రాత్రి తిరిగే జంతువు, కనిపించలేదు. కాలువ గట్టున ఒక అడుగు ముద్ర దొరికింది. గోళ్ల గుర్తులున్నాయి కాబట్టి కుక్కదేనని ఒకరు తేల్చేశారు. అయితే బావురుపిల్లి గోళ్లు పూర్తిగా లోపలికి ముడుచుకోవు, దాని ముద్రలోనూ పడొచ్చు. ఆ తుని అమ్మాయి కాగితంలో ప్రశ్న గుర్తు పెట్టింది.

పీతల దగ్గర ఇంకా చిక్కు. మనిషి అలికిడికి అన్నీ బొరియల్లో దూరాయి. పది నిమిషాలు కదలకుండా కూర్చుంటే ఒక్కొక్కటే వచ్చాయి. మగవి ఒంటి పెద్ద డెక్కను ఊపుతూ, ఆడవి రెండు చిన్న డెక్కలతో మట్టి నోట్లో పెట్టుకుంటూ. బొరియలు లెక్కపెడితే పనైపోతుందనుకుంది ఆ అమ్మాయి.

"బాబాయ్, ఒక పీతకి ఒక బొరియేనా?"

"ఎక్కడమ్మా! కొన్ని ఖాళీవి, కొన్నిటికి రెండు నోళ్లు."

ఆమె కాగితం మీద 'పీతల సంఖ్య' అన్న శీర్షిక కొట్టేసి 'బొరియల సంఖ్య' అని రాసింది. ఆ రోజు జరిగిన వాటిలో నాకు ఎక్కువ నచ్చింది ఆ కొట్టివేతే.

నాలుగో చదరం సగంలో ఉండగా పీతలు మట్టి ఉండలతో బొరియలు మూసుకోవడం మొదలెట్టాయి. కాసేపటికి కాలువ నీరు చప్పుడు లేకుండా వేళ్ల మధ్యకు పాకింది. పురికొస తేలింది. ఆమె పుల్లలు పీక్కుని, ఆఖరి గడి ఖాళీగా వదిలి గట్టెక్కింది. అక్కడ చల్లారిన ఇడ్లీలు విప్పారు.

"రేపు పోటు ముప్పావుగంట పైనే ఆలస్యంగా వస్తాదండీ" అన్నాడు మత్స్యకారుడు. "తినేసి రావచ్చు."