నాలుగింట ఒకటి: షోలాపూర్ నుంచి సిరిసిల్ల దాకా

మన షోలాపూర్ తెలుగోళ్ల ఇళ్లలో హైదరాబాద్ రోడ్డు తెలియని ఇల్లు ఉండదు. పెళ్లికైనా, చావుకైనా, ఊళ్లో ఇంటి పంచాయితీకైనా అదే దారి. నల్దుర్గ్, ఉమర్గా, హుమ్నాబాద్, జహీరాబాద్, సంగారెడ్డి. పొద్దున మరాఠీలో చాయ్ అడుగుతాం, కొంతసేపటికి కన్నడ బోర్డులు వస్తాయి, మధ్యాహ్నానికి తెలుగు బోర్డులు. కొన్నేండ్ల కింద మాఘమాసంలో సిరిసిల్లలో మేనమామ మనవరాలి పెళ్లికి ఈ దారిన పోయినప్పటి సంగతి చెబుతాను. పాత డీజిల్ గాడి ఉన్నవాళ్లకు పనికొస్తుంది.

అప్పట్లో నాది టాక్సీ పని. 1995 మోడల్ డీజిల్ అంబాసిడర్, తెల్లది. 1489 సీసీ, నాలుగు సిలిండర్ల ఇంజిన్. ఇంటికి బియ్యం తెచ్చింది అదే. పెళ్లికి నెల ముందు నుంచి దానికి జబ్బు పట్టింది. పొద్దున స్టార్ట్ చేస్తే తెల్లపొగ, టక్ టక్‌మని చప్పుడు, నిలబడ్డ చోటే బండి మొత్తం ఊగిపోయేంత మిస్సింగ్. నేను నడిపేవాణ్ణే గాని విప్పేవాణ్ణి కాదు. గ్యారేజీకి తీసుకుపోతే మేస్త్రీ బానెట్ ఎత్తి, కాసేపు విని, "బోరు పోయింది, ఇంజిన్ దించాలె" అన్నాడు. ఆయన చెప్పిన ఖర్చూ, బిడ్డ నర్సింగ్ కాలేజీ ఫీజుకు మేం దాచిన డబ్బూ ఇంచుమించు ఒకటే. పెళ్లి నుంచి రాగానే గాడిని తుక్కు కింద అమ్మేద్దామని మనసులో గట్టిగా అనుకున్నాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

బయల్దేరినది నలుగురం. నేను, మా ఆవిడ, బిడ్డ, బాపు. బాపు ముప్పై ఏండ్లు మిల్లులో సాంచా ఖాతాలో పనిచేసి జాబర్‌గా దిగిపోయాడు. ఆ ఖాతా చప్పుడుకు చెవులు పోయాయి. మన పేటల్లో అట్లాంటి పెద్దమనుషులు ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. పెదవులు చూసి మాట పట్టుకోవడం వాళ్లకు ఖాతాలోనే అలవాటైంది.

షోలాపూర్ దాటి సుమారు 45 కిలోమీటర్లకు నల్దుర్గ్. ఊరు దగ్గర పడుతుండగా గాడి మరీ ఊగింది. ముందు సీట్లో ఉన్న బాపు అరచెయ్యి డ్యాష్‌బోర్డు మీద ఆనించి కాసేపు కళ్లు మూసుకున్నాడు.

"నాలుగు దెబ్బలల్ల ఒకటి దప్పుతుంది" అన్నాడు.

చాయ్ హోటల్ దగ్గర ఆపి, మేస్త్రీ చెప్పింది, అమ్మేద్దామనుకున్నది అన్నీ అప్పుడే చెప్పేశాను. మా ఆవిడ ఏమీ అనలేదు. బాపు మాత్రం నా మొహం చూసి, "ఇండ్ల ఎన్ని సాంచెలున్నయ్‌రా?" అని అడిగాడు. నాలుగు సిలిండర్లని వేళ్లు చూపించాను.

"ఏ సాంచె ఆగిందో సూడకుంటనే ఖాతా మొత్తం ఇప్పుతరా ఎవలన్న?"

నా దగ్గర జవాబు లేదు.

హోటల్ పక్కనే వేపచెట్టు కింద లారీల మెకానిక్ ఒకాయన ఉన్నాడు, మరాఠీ మనిషి. బాపు మాట ఆయనకు చెబితే నవ్వి, "కాకా చెప్పింది ఖరే. ముందు ఇంజిన్ చల్లారనియ్యండి, రెండు గంటలాగి రండి" అన్నాడు.

ఆ రెండు గంటలూ కోటలో గడిపాం. ఎన్నిసార్లు బస్సు కిటికీలోంచి చూశామో గాని లోపలికి పోవడం అదే మొదలు. బోరీ నదికి అడ్డంగా కోటలోనే ఆనకట్ట కట్టారు. ఇబ్రహీం ఆదిల్‌షా కాలంలో, 1613లో కట్టిందట. ఆ గోడ కడుపులోనే గదులున్నాయి, పానీ మహల్ అంటారు. వానాకాలంలో నీళ్లు దాని మీదుగా రెండు ధారలుగా దూకుతాయి, వాటికి నర్, మాదీ అని పేర్లు. మాఘం కాబట్టి మేం పోయినప్పుడు ధారలు లేవు. నల్దుర్గ్ అప్పట్లో నిజాం రాజ్యం సరిహద్దు. 1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం షోలాపూర్ వైపు నుంచి కదిలినప్పుడు మొదటి రోజే ఈ కోట చేతికొచ్చింది. బాపు చిన్నప్పుడు తాత చెయ్యి పట్టుకుని షోలాపూర్‌కు వచ్చింది కూడా ఈ రోడ్డునేనని, మెట్ల మీద కూర్చుని బిడ్డకు చెప్పాడు.

తిరిగి వచ్చాక మెకానిక్ ఇంజిన్ స్టార్ట్ చేసి, కొంచెం యాక్సిలరేటర్ మీద ఉంచి, నాలుగైదు నిమిషాలు ఆగాడు. అప్పుడు పొగ బయటికి పోయే ఇనుప గొట్టం మీద, ఒక్కో సిలిండర్ ఎదురుగా, వేలితో రెండేసి నీటి చుక్కలు చిలకరించాడు. ముందువైపు చుక్కలు ఇట్టే ఎగిరిపోయాయి. వెనక చివర, నాలుగో సిలిండర్ దగ్గర మాత్రం నీళ్లు అట్లాగే నిలబడ్డాయి. మంట లేని పొయ్యి వేడెక్కదు కదా. మీరు చేస్తే చుక్కలే చల్లండి. కాలిన ఇనుము మీద చెంబుతో నీళ్లు పోస్తే పగులుతుంది.

తర్వాత పానా తీసుకుని, ఇంజిన్ నడుస్తుండగానే, నాజిళ్లకు డీజిల్ పోయే పైపుల నట్లను ఒక్కొక్కటే అర చుట్టు వదులు చేసి మళ్లీ బిగించాడు. ఒకటోది వదిలితే ఇంజిన్ తడబడింది. రెండోది, మూడోది కూడా అంతే. అంటే ఆ మూడూ పనిచేస్తున్నాయి. నాలుగోది వదిలితే ఇంజిన్ వేగంలో ఏ తేడా రాలేదు, పైగా టక్ టక్ చప్పుడు ఆగిపోయింది. ట్యాపెట్ చప్పుడైతే డీజిల్ ఆపినా ఆగదని ఆయన చెప్పాడు. ఆ పైపుల దగ్గర చెయ్యి అడ్డం పెట్టొద్దని బిడ్డను దూరంగా నిలబెట్టాడు. ఆ ఒత్తిడికి చిమ్మే డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది.

నాలుగోది ఆగిందని తేలింది. ఎందుకు ఆగింది? నాజిల్ చెడినా అంతే, బోరు పోయి కంప్రెషన్ లేకపోయినా అంతే. మెకానిక్ నాలుగో నాజిల్ తీసి ఒకటో దాంట్లో, ఒకటోది నాలుగో దాంట్లో, కొత్త రాగి వాషర్లతో బిగించాడు. జబ్బు నాలుగులోనే ఉంటే బోరుదో వాల్వుదో తప్పు, అప్పుడు షోలాపూర్ మేస్త్రీ మాటే నిజం. ఒకటికి మారితే తప్పు నాజిల్‌ది.

ఎయిర్ తీసి స్టార్ట్ చేసినప్పుడు నా గుండె కొట్టుకుంది. మళ్లీ అదే ఊపు, అదే టక్ టక్. ఒకటో నట్టు వదులు చేశాడు. ఇంజిన్‌లో మార్పు లేదు, చప్పుడు ఆగింది. నాలుగోది వదిలితే ఇంజిన్ తడబడింది. జబ్బు నాజిల్ వెంట పోయింది! బాపు బానెట్ మీద చెయ్యి పెట్టి చూసి తల ఊపాడు.

మెల్లగా నడుపుకుంటూ హుమ్నాబాద్ చేరి, పంపు నాజిల్ షాపులో పరీక్ష మిషన్ మీద పెట్టించాం. మంచి నాజిళ్లు మంచులా చిమ్మాయి. మాది పసిపిల్ల చొంగలా కార్చింది. అట్లా కారిన డీజిల్ సరిగ్గా మండక తెల్లపొగై పోతుంది, తప్పు సమయంలో అంటుకుంటే టక్‌మని కొడుతుంది. కొత్త నాజిల్ వేయించి, మిగతా మూడూ సరిచూపించినా, ఇంజిన్ దించే ఖర్చులో ఇరవయ్యో వంతు కాలేదు.

సిరిసిల్ల చేరేసరికి రాత్రి పది. మేనమామ ఇంటి పక్క షెడ్డులో సాంచెలు ఆడుతున్నాయి. బాపు గోడ మీద అరచెయ్యి పెట్టి, "నడుస్తున్నయ్" అన్నాడు.

ఇప్పుడు బాపు లేడు. బిడ్డ ఆ ఏడే కాలేజీలో చేరింది, నర్సుగా పనిచేస్తోంది. ఆ గాడి ఇంకో ఆరేండ్లు తుల్జాపూర్, అక్కల్‌కోట కిరాయిలకు తిరిగింది. ఎవరైనా బోరు పోయిందని చెబితే, ఏ సిలిండరని అడగండి. నాజిళ్లు మార్చి చూశారా అని కూడా అడగండి. ఇంజిన్ దించడం ఆ తర్వాతి మాట. సాంచెల మీద పనిచేసే పిల్లలు మాత్రం చెవులకు రక్షణ పెట్టుకోండి. బాపు అరచేత్తో వినడం నేర్చుకున్నది చెవులు పోయాకే.