ఒక కరక్కాయ, రెండు తానికాయలు

“అంకుల్, డిటాక్స్ పౌడర్ ఉందా?”

ఈ మాట ఇప్పుడు దాదాపు రోజూ వింటున్నాను. అడిగేది ఎక్కువగా అబిడ్స్‌లో బట్టలు కొనుక్కొని, సంచులు పట్టుకొని నాంపల్లి మెట్రోకు నడిచిపోయే పిల్లలు. మొన్నొక అమ్మాయి తన ఫోను గల్లాపెట్టె మీద పెట్టి చూపించింది. తెరమీద పచ్చటి డబ్బా, పక్కన ఇరవై ఒక్క రోజుల లెక్క.

“ఏం తకలీఫ్ బిడ్డా?” అన్నాను.

“తకలీఫేం లేదంకుల్. ఒంట్లో టాక్సిన్స్ పోవాలని.”

“ఏ టాక్సిన్?”

ఆ అమ్మాయి తెరను పైకీ కిందికీ జరిపి వెతికింది. ఎక్కడా రాసి లేదు.

నేను 1989లో వికారాబాద్ దిక్కు నుంచి రైలెక్కి నాంపల్లిలో దిగినవాణ్ణి. స్టేషన్‌కూ మొజంజాహీ మార్కెట్‌కూ నడుమ సందులో ఒక జడీబూటీ దుకాణంలో పనికి కుదిరాను. మా తాత ఊళ్ళో పసరు మందులిచ్చేవాడు, కాబట్టి చెట్లన్నీ నాకు తెలుసని ధీమా. దుకాణంలో చెట్టెక్కడుంటుంది? ఎండిన వేరు, ముక్కలైన బెరడు, వాటి మీద గోనెసంచి దుమ్ము. ఆకు చూడకుండా, పువ్వు చూడకుండా సరుకు పోల్చడమంటే, కాలిగోరు చూసి మనిషిని పోల్చుకున్నట్టే. పైగా ఒక్కోదానికి మూడేసి పేర్లు. వైద్యుడి చీటీలో అతిమధురం, బేగంబజార్ టోకు బేరంలో ములేఠీ, హకీం సాబ్ నుస్ఖాలో అస్లుస్సూస్. నాకు ఉర్దూ అక్షరాలు వచ్చింది ఆ నుస్ఖాల మీదే. పాత హకీములు తూకం ఇంకా తులాల్లో, మాషాల్లో రాసేవాళ్ళు. తులమంటే పదకొండున్నర గ్రాముల పైచిలుకు, మాషా అందులో పన్నెండో వంతు. తప్పు తూస్తే సేటు ఏమీ అనేవాడు కాదు, పొట్లం విప్పి మళ్ళీ నా ముందే తూచేవాడు. తిట్టినా బాగుండేది.

డిటాక్స్‌కు మా పనిలో పాత మాటొకటుంది, శోధనం. అయితే దుకాణంలో మేం చేసేది కొనేవాడికి కాదు, సరుకుకు. ఆ సంగతి నాకు నల్లజీడి నేర్పింది.

చేరిన మొదటి ఎండాకాలం. బస్తా నల్లజీడి గింజలు దిగాయి, టోపీలు కోయమన్నారు. చేతులకు కొబ్బరినూనె పట్టించుకొని కూర్చోవాలని ఎవరూ చెప్పలేదో, చెబితే నేను వినలేదో. చాకలివాళ్ళు బట్టల మీద చెరగని గుర్తు పెట్టేది ఈ గింజ రసంతోనే. ఎన్ని ఉతుకులు ఉతికినా బట్టను వదలని రసం తోలును వదులుతుందా? మర్నాటికి మోచేతుల దాకా బొబ్బలు, కళ్ళు వాచి మూసుకుపోయాయి. రెండు వారాలు స్టేషన్ వెనక గదిలో పడుకొని, చేతులు గోక్కోకుండా గుడ్డలు చుట్టుకున్నాను. లేచొచ్చాక సేటు ఆ బస్తానే మళ్ళీ నా ముందు పెట్టి పద్ధతి చూపించాడు. టోపీ తీసిన గింజల్ని ఇటుక పొడితో కలిపి గోనెగుడ్డలో వేసి రుద్దాలి. ఇటుక పొడి నూనెను తాగి నల్లబడుతుంది. అది పారబోసి కొత్త పొడి వేసి మళ్ళీ రుద్దాలి. ఆఖరున వేడినీళ్ళతో కడగాలి. ఇంత చేస్తే అప్పుడది మందు తయారీకి పనికొచ్చే సరుకు.

ముష్టి గింజలది ఇంకా పెద్ద తతంగం. గోమూత్రంలో రోజుల తరబడి నానబెడతాం. తర్వాత గుడ్డలో మూటకట్టి, పాలు మరుగుతున్న కుండలో అడుగుకు తగలకుండా వేలాడదీస్తాం. దాన్ని దోలాయంత్రమంటారు. పొట్టు వలిచి, రెండు పప్పుల నడుమ మొలకను గిల్లేసి, నేతిలో వేయించి అప్పుడు పొడి కొడతాం. ఇంత చేసినా అందులోని విషం, స్ట్రిక్నిన్, తగ్గుతుందే తప్ప పూర్తిగా పోదు. 1945 నాటి ఔషధ నియమాల్లో షెడ్యూల్ ఇ-1 అని ఒక జాబితా ఉంది. ఇలాంటి సరుకు పడ్డ మందు డబ్బా మీద, వైద్యుడి పర్యవేక్షణలో వాడాలని హెచ్చరిక అచ్చు వేయాల్సిందే. నల్లజీడి, ముష్టి, వసనాభి మూడూ అందులో ఉన్నాయి. “మూలికే కదా, ఏం చేస్తది” అనేవాళ్ళకు నేను ఆ జాబితా గురించి చెబుతాను.

ముష్టికి వరసకు దాయాది చిల్లగింజ. రెండూ ఒకే జాతి, గుణాలు మాత్రం ఉత్తర దక్షిణాలు. మా ఊళ్ళో వానాకాలం వాగునీళ్ళు తెస్తే, కుండ లోపలి గోడకు చిల్లగింజ అరగదీసేవాళ్ళు. తెల్లారేసరికి మన్నంతా అడుగుకు దిగి నీళ్ళు తేరుకునేవి. నా ఎరుకలో డిటాక్స్ అనే పేరుకు పూర్తిగా తగిన గింజ అదొక్కటే. అది కూడా కుండకు.

అలాగని మన పెద్దలకు మనిషి ఒళ్ళు శుభ్రం చేసే ఆలోచనే లేదనను. ఆయుర్వేదంలో నెయ్యి తాగించే స్నేహపానం, చెమట పట్టించే స్వేదం అయ్యాకనే విరేచనం. యునానీలో ముందు కొన్నాళ్ళు ముంజిజ్ తాగించి దోషాన్ని పండిస్తారు, తర్వాతే ముస్‌హిల్ ఇచ్చి దించుతారు. రెండింటిలోనూ నాడి చూసి, వయసు చూసి, వద్దని చెప్పడానికి ఒక మనిషి ఎదురుగా ఉంటాడు. డబ్బాకు ఆ నోరు లేదు. ఇచ్చిపుచ్చుకోవడం కూడా ఈ రెండు వైద్యాల మధ్య ఎప్పటినుంచో ఉంది. హకీములు రాసే ఇత్రీఫల్ అనే లేహ్యం పేరు మన త్రిఫలే, అరబ్బుల నోట పడి అలా తిరిగొచ్చింది.

ఆ అమ్మాయి ఫోనులో డబ్బా వెనక వైపు చదివాను. త్రిఫల, సోంపు, అతిమధురం, ఆ నడుమ నలుసంత అక్షరాల్లో సునాముఖి. అసలు పని ఈ నాలుగోదే చేస్తుంది. తమిళనాడులో తిరునెల్వేలి వైపు పండించే ఆకు. అందులోని సెన్నోసైడ్లు పెద్దపేగును కదిలిస్తాయి. పొద్దున రెండుసార్లు పోయేసరికి ఒళ్ళు తేలికైనట్టుంటుంది, కాటా మీద కిలో తగ్గినట్టూ చూపిస్తుంది. తగ్గింది నీళ్ళు. వారం తర్వాత మానేస్తే పేగు మొరాయిస్తుంది, మానకుండా నెలలు తాగితే ఒంట్లో పొటాషియం పడిపోతుంది. అతిమధురం ఎక్కువైనా పొటాషియం పడిపోతుంది, రక్తపోటూ పెరుగుతుంది. ఆ రెంటినీ ఒకే డబ్బాలో ఎవరు కలిపారో గాని! ఒంట్లో చెత్త ఎత్తే పని కాలేయమూ మూత్రపిండాలూ రోజూ చేస్తూనే ఉన్నాయి. వాటి పని వాటిని చేసుకోనిస్తే చాలు.

ఇంత చెప్పి త్రిఫల అమ్మకుండా ఉంటానా? అమ్ముతాను. మలబద్ధకానికి అంతకన్నా మర్యాదైన సరుకు నాకు తెలియదు. ఒక కరక్కాయకు రెండు తానికాయలు, నాలుగు ఉసిరికాయలు. గింజలు తీసేస్తే మూడూ బరువులో ఇంచుమించు సరిపోతాయని పాతకాలపు లెక్క. దంచి, బట్టలో జల్లించి ఇస్తే చెంచా పొడి రాత్రి వేడినీళ్ళలో. ఇరవై ఒక్క రోజుల లెక్కలేవీ లేవు.

కరోనా రెండేళ్ళూ మా సందులో మనిషి పట్టకపోయేది. తిప్పతీగ బస్తా పొద్దున దిగితే మధ్యాహ్నానికి అడుగు కనిపించేది. కషాయమంటే సరుకు గట్టిదైతే పదహారింతల నీళ్ళు పోసి ఎనిమిదో వంతుకు మరిగించాలి. జనం ప్రెషర్ కుక్కర్‌లో మూడు కూతలు పెట్టి పూటపూటా గ్లాసులకొద్దీ తాగారు. 2021లో ముంబై డాక్టర్లు తిప్పతీగ వాడిన ఆరుగురికి కాలేయం దెబ్బతిన్నదని రాశారు. ఆయుష్ శాఖ ఒప్పుకోలేదు, అది అసలు తిప్పతీగ కాకుండా దాని చుట్టం తీగ అయ్యుండవచ్చంది. ఎవరి మాట నిజమో తేల్చేంత చదువు నాకు లేదు. కానీ ఎండి ముక్కలైన తీగ చేతిలో పెట్టి ఇది ఫలానాదేనా అంటే, నేనూ ఒక్కోసారి తటపటాయిస్తాను. అశోక బెరడని నరమామిడి బెరడు వస్తుంది, మిరియాల్లో బొప్పాయి గింజలొస్తాయి. ఏరేవాడి కళ్ళు బాగుంటే సరి.

జూన్‌లో మృగశిర కార్తె నాడు ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో బత్తిని వారి చేపప్రసాదం. కొరమీను పిల్ల నోట్లో మూలికల ముద్ద పెట్టి మింగిస్తారు. దూరదూరాల నుంచి ఉబ్బసం మనుషులు వస్తారు, తిరుగుదారిలో కొందరు మా మెట్లెక్కుతారు. “ఆ ముద్దల ఏముంటదో జర చెప్పన్నా” అంటారు. అది వాళ్ళ ఇంటి రహస్యం, నాకేం తెలుసు. నేను అడిగేది ఒకటే, ఇన్‌హేలర్ సంచిలోనే ఉందా అని. ఒకాయన ఇక అక్కర్లేదని దాన్ని స్టేషన్‌లోనే పారేశానన్నాడు. పక్క సందులో మందుల షాపుకు తోలుకపోయి కొనిపించాను.

కళ్ళు పచ్చబడి నేలఉసిరి అడిగేవాళ్ళు వస్తే ముందు నెత్తురు పరీక్ష చేయించుకొమ్మని ఉస్మానియా ఆసుపత్రికి పంపుతాను. చాలా కామెర్లు వాటంతటవే తగ్గుతాయి, ఆ పేరు మాకొస్తుంది. తగ్గనివాటి సంగతి వేరు, అక్కడ పది రోజుల ఆలస్యం ప్రాణం మీదికొస్తుంది. బేరం పోయిందని సేటు మొదట్లో గుర్రుమనేవాడు. తర్వాత తర్వాత తనే పంపడం మొదలుపెట్టాడు.

ఆ అమ్మాయి చివరికి వంద గ్రాముల త్రిఫల తీసుకుంది. డబ్బులిస్తుండగా వెనక నిలబడ్డ ముసలమ్మ ముందుకొచ్చింది. శంకర్‌పల్లి నుంచి నెలకోసారి వస్తుంది, మనవడికి వస, శొంఠి, కరక్కాయ. పొట్లంలోంచి ఒక కరక్కాయ తీసి నాకే చూపించింది.

“నీళ్ళియ్యి బిడ్డా.”

గ్లాసు పెట్టాను. కాయ అందులో వేసింది. మంచి కరక్కాయ మునగాలి, తేలితే పుచ్చు. అమ్మాయి కూడా వంగి చూసింది. కాయ మెల్లగా అడుగుకు దిగింది.

“ఇగ కట్టు,” అంది ముసలమ్మ.