ముందుగా అమ్మనే అడుగుదాము



మన పల్లెల్లో చంటిబిడ్డల పుట్టినరోజులు చేసుకోవడం చాలాకాలంగా ఉన్నదే. ఇప్పుడు పెద్దవారికి డెబ్బై ఐదు, ఎనభై నిండినప్పుడు కూడా బంధువులను పిలిచి కృతజ్ఞతా కూడిక పెట్టుకొంటున్నారు. ఇది మంచి అలవాటే. మోషే ప్రార్థన అని పేరున్న 90వ కీర్తన, ఎనభై ఏళ్ళను అధిక బలమున్నవారికి దొరికే ఆయుష్షుగా లెక్కించింది. అంతటి ఆయుష్షు మన ఇంట్లోనే కనబడినప్పుడు స్తుతించకుండా ఎట్లా ఉంటాము? అయితే ఆ పండుగ ఎవరి కోసమో తేల్చుకోకుండా ఏర్పాట్లు మొదలుపెడితే, పెద్దవారికి అది పెద్ద శ్రమ అవుతుంది. 2025లో మా అమ్మగారికి ఎనభై నిండినప్పుడు మేము తెలుసుకొన్న సంగతులు మీతో పంచుకొంటున్నాము.

మొదటి చిక్కు తేదీతోనే వచ్చింది. ఆధార్ కార్డులో జనవరి 1 అని ఉంది. బడికి వెళ్ళని మన పెద్దవారి కార్డుల్లో ఈ తేదీ తరచుగా కనబడుతుంది. అమ్మగారిని అడిగితే, "అజరయ్య బిషప్పుగారు పోయిన యేడు, ఊడ్పుల్లో పుట్టానని మాయమ్మ చెప్పేది" అన్నారు. దోర్నకల్ బిషప్పు వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు ప్రభువునందు నిద్రించినది 1945 జనవరి 1న. కాబట్టి అమ్మగారు ఆ యేటి వానాకాలంలో పుట్టారని తేలింది. ఊడ్పులు ముగిసి సంఘస్థులకు తీరిక దొరికే ఒక ఆదివారం నిర్ణయించుకొన్నాము. "సహస్ర చంద్ర దర్శనం లాంటిదా అండీ?" అని పక్కింటివారు ఆప్యాయంగా అడిగారు. వారిలో వెయ్యి పున్నములు చూసినవారికి, అంటే సుమారు ఎనభై ఏళ్ళ పది నెలలకు, ఆ వేడుక చేస్తారు. పెద్దల ఆయుష్షును లెక్కపెట్టి సంతోషించడం అందరి ఇళ్ళలోనూ ఉన్నదే.

తరువాత తోబుట్టువులమందరం కూర్చొన్నాము. పెద్దన్నయ్య నాలుగు వందల మందికి భోజనాలు పెట్టాలన్నారు. హైదరాబాదు నుండి వచ్చిన అక్కయ్య ఫంక్షన్ హాలు, పెద్ద కేకు, ఊరి మొదట్లో ఫ్లెక్సీ ఉండాలన్నది. సాయంత్రం ఏడు గంటలకు మైకు సెట్టు, కీబోర్డు, ముగ్గురు ప్రసంగికులు అనుకొన్నారు. లెక్క వేస్తే లక్షన్నర దాటింది. అందరివీ కలిపితే చేతిలో ఉన్నది నలభై వేలు. మిగిలినది వడ్డీకి తేవాలి.

చాపమీద పడుకొన్న అమ్మగారు సగం విని, సగం వినక, "ఆ డబ్బేదో నా మట్టి ఖర్చుకి దాచుకోండిరా" అన్నారు. పెద్దన్నయ్యకు కోపం వచ్చింది. "కన్నతల్లికి ఏమీ చేయలేదని ఊళ్ళో అనిపించుకోమంటావా?" అన్నారు. మాటమీద మాట పెరిగింది. ఎవరూ సరిగా అన్నం తినలేదు.

ఆ రాత్రి కుటుంబ ప్రార్థనలో రెండవ సమూయేలు 19వ అధ్యాయము చదువుకొన్నాము. గిలాదీయుడైన బర్జిల్లయి కథ అందులో ఉంది. అబ్షాలోముకు భయపడి దావీదు మహనయీములో తలదాచుకొన్నప్పుడు పరుపులు, గోధుమలు, యవలు, తేనె తెచ్చి ఆదుకొన్నవారిలో ఆయన ఒకరు. ఆ మేలు మరువక, తిరిగి వెళ్ళేటప్పుడు రాజు ఆయనను యెరూషలేముకు రమ్మన్నాడు. బర్జిల్లయికి అప్పుడు ఎనభై ఏళ్ళు. తిండి రుచి తెలియడం లేదనీ, పాటలు వినబడవనీ, తల్లిదండ్రుల సమాధి ఉన్న ఊళ్ళోనే కన్నుమూస్తాననీ చెప్పి, తనకు బదులుగా కింహామును తీసుకొని వెళ్ళమన్నాడు. దావీదు బలవంతపెట్టలేదు. ఆయన కోరినట్టే కింహామును వెంట తీసుకొని, వృద్ధుణ్ణి ముద్దుపెట్టుకొని దీవించి పంపాడు.

చదవడం అయిపోయాక కాసేపు ఎవరూ మాట్లాడలేదు. పెద్దన్నయ్యే లేచి వెళ్ళి, అమ్మగారికి కాస్త వినబడే కుడిచెవి దగ్గర కూర్చొని, "అమ్మా, నీకేం కావాలో నువ్వు చెప్పు" అన్నారు.

"నాతో ఊడ్పులకొచ్చినవాళ్ళు ఐదుగురే మిగిలారు. వాళ్ళను చూడాలి. నేను పోయాక వచ్చి ఏడిస్తే నాకేం తెలుస్తుంది?" అన్నారు అమ్మగారు.

దానితో ఏర్పాట్లన్నీ మారిపోయాయి. హాలు వద్దనుకొని, ఆదివారం ఆరాధన ముగియగానే గుడి ఆవరణలోనే పెట్టుకొన్నాము. అమ్మగారికి షుగరు ఉంది గనుక పన్నెండు గంటలకల్లా భోజనం అనుకొన్నాము. స్టేజీ లేదు. నేలమీద చేతుల కుర్చీ, ఎదురుగా ఆ ముసలివారికి మరి నాలుగు కుర్చీలు వేశాము. చెవి సరిగా వినబడనివారికి మైకు హోరులో మాట అసలే తెలియదు గనుక మైకు పెట్టలేదు. అమ్మగారికి నోటికి వచ్చిన పాత కీర్తనలు రెండు, ఒక ప్రార్థన, చిన్న వాక్యము. మెత్తటి అన్నం, పప్పు, కారం తక్కువగా కోడికూర, చారు, మజ్జిగ. మనుమల ముచ్చటకు చిన్న కేకు. నూట ఇరవై మంది తిన్నారు. నలభై వేలలోనే అయిపోయింది, అప్పు చేయలేదు.

నలుగురు ఆటోలో వచ్చారు. ఐదవ ఆమె పక్క ఊళ్ళో మంచం పట్టి ఉన్నారు. అందుకని ముందురోజు సాయంత్రం అమ్మగారినే ఆమె దగ్గరకు తీసుకొని వెళ్ళాము. ఇద్దరికీ చెవులు అంతంతమాత్రమే. ఒకరి చేయి ఒకరు పట్టుకొని, ఏ చేను ఎవరిది, ఎక్కడ జలగలు ఎక్కువ అని గంటసేపు చెప్పుకొన్నారు. రెండు నెలలకు ఆమె ప్రభువు సన్నిధికి వెళ్ళారు. కబురు తెలిసినప్పుడు అమ్మగారు, "చూశాను గదా, చాలు" అన్నారు.

ప్రియ పాఠకులారా, మీ ఇంట్లో ఇటువంటి పండుగ తలపెడితే, డబ్బు లెక్కలకు ముందే పెద్దవారి దగ్గర కూర్చొని నాలుగు సంగతులు అడగండి. ఎవరిని చూడాలని ఉంది? ఏ వేళకు ఓపిక ఉంటుంది? ఏమి తినగలరు? ఎంతసేపు కూర్చోగలరు? మరుగుదొడ్డికి దగ్గరలో కుర్చీ వేయండి. మాత్రల వేళ తప్పనివ్వకండి. రాలేని స్నేహితులు ఉంటే మీరే తీసుకొని వెళ్ళండి. ఫ్లెక్సీ విషయం ఆ తరువాత మాట్లాడుకోవచ్చు.