జ్వాలాపురపు బూడిద

భూగర్భశాస్త్రము బోధించు మిత్రుడొకడు, సుమత్రాద్వీపపు అగ్నిపర్వతము మన సీమలో పడియున్నది చూచి రమ్మని పట్టుపట్టగా, బనగానపల్లె ప్రాంతమున జుర్రేరు లోయకు పోయితిని. లోయ యంతయు తిరుగవలెనని బయలుదేరిన నేను, జ్వాలాపురము చెంత నొక గోతిలో బూడిద తవ్వుచున్న వృద్ధుని చేతులయొద్దనే ప్రొద్దు క్రుంకువరకు నిలిచిపోతిని.

ఆ చేతులు మోచేతులదాక తెల్లనై యుండెను. పారతో కొట్టుట లేదు. జున్ను కోసినట్లు గోడను పై నుండి పలుచగా చెక్కుచుండెను. అడుగుపొర నుండి ఒక చిటికెడును, పైపొర నుండి ఒక చిటికెడును తీసి నా అరచేత పోసి, "రుద్ది చూడు సామీ. ఇది మైదాపిండి మాదిరుంటాది. అది వాన్లకు కొట్టుకోనొచ్చింది, ఇసక తగుల్తాది" అనెను. ఎక్కడికి పోవునని అడిగితిని. "బోకులు తోమే పొడికి."

తోముటకు పనికివచ్చుటకు హేతువు కలదు. ఇది కట్టెలు కాలిన బూడిద కాదు, గాజు. కరగిన శిలలో అణగియున్న వాయువులు ఒత్తిడి సడలినంతనే బుడగలై పొంగి, ఆ బుడగలు పగిలి వంపుతిరిగిన సూక్ష్మమైన పెంకులైనవి. ఆ పెంకుల పదునే చెంబునకు మెరుగు. సుమారు 74,000 ఏండ్ల క్రిందట ఆ సుమత్రా అగ్నిపర్వతము, టోబా, దాదాపు 2,800 ఘనకిలోమీటర్ల శిలాద్రవమును వెడలగ్రక్కి, తన పైకప్పు తానే క్రుంగి, నేడు 100 కిలోమీటర్ల పొడవున సరస్సై యున్నది. రెండున్నర వేల కిలోమీటర్లకు పైగా ఎగిరివచ్చి యిచ్చట కురిసిన బూడిద కొద్ది అంగుళములే. కొండవాలులనుండి వానలు కడిగి పల్లమున చేర్చగా కొన్నిచోట్ల రెండున్నర మీటర్లు పేరుకొన్నది. ముసలివాని రెండు చిటికెలలో నేను తాకినది ఈ చరిత్రయే.

పురావస్తుశాస్త్రజ్ఞులు రవి కోరిశెట్టర్, మైకేల్ పెట్రాగ్లియాల బృందమువారు బూడిదకు క్రిందను పైనను రాతిపనిముట్లు కనుగొని, వాని పోలికను బట్టి ఆ విపత్తును మానవుడు దాటి బ్రతికెనని 2007లో ప్రకటించిరి. కాదనువారును కలరు, కనుకనే ఈ గోడలు నిలువవలెను. ఇట్టి పర్వతములను కనిపెట్టుటకు నేడు భూకంపలేఖినులు కలవు, నేల ఉబ్బును కొలుచు ఉపగ్రహములు కలవు. కాని యింతటి విస్ఫోటనమును ఏ పరికరమును ఇంతవరకు చూచి యెరుగదు. పర్వతము కదలుచున్నదో లేదో యంత్రము చెప్పును. అది పగిలిన పిమ్మట దూరదేశమున వాన యేమాయెనో, అడవి యేమాయెనో, మనుజుడేమి చేసెనో చెప్పవలసినది ఇట్టి పొరలే. నేను చూచిన గోతులకు కంచె లేదు, పలక లేదు. వృద్ధుని తప్పుపట్టను; వాన రాని యేట పార పట్టక ఏమి చేయును? చదువుకొన్న మనమందరము కలిసి క్రిందిమన్ను నుండి పైమన్ను దాక పది గజముల గోడనైనను కాపాడలేకపోతిమే యని నా హృదయము మండినది.

బయలుదేరబోవుచు గోతి యొడ్డున రాళ్లకుప్ప చూచితిని. అందులో అంచు చెక్కిన పెచ్చు ఒకటి, బొటనవ్రేలు సరిగా ఆనునట్టిది, నా చేతికి వచ్చినది. ఇది బూడిదకు పైన దొరికినదా, క్రిందనా అని ఆత్రముగా అడిగితిని.

"ఎవురు చూసినారు సామీ? పారకు తగిలింది, పక్కకేసినా."