దారిబత్తెం

మన పూర్వులు ప్రయాణానికి బయలుదేరేటప్పుడు వెంట తీసుకుపోయే ఆహారానికి 'దారిబత్తెం' అని పేరు. సంస్కృతంలో దీనినే 'పాథేయం' అంటారు. పథం అంటే దారి; దారిలో అక్కరకు వచ్చేది పాథేయం. కాలినడకన, ఎడ్లబండ్ల మీద ప్రయాణాలు సాగిన రోజులలో దారిబత్తెం లేకుండా గడప దాటేవారు కారు. వాహనాల వేగం పెరిగిన కొద్దీ ఆ మాటతో పాటు ఆ అలవాటు కూడా మననుండి దూరమైంది. ప్రాచీన సాహిత్యంలో పరిశోధన చేసిన నాకు ఆ పదానికి అర్థం నిఘంటువులోనే తెలిసింది. దాని విలువ మాత్రం ఒక చలిరాత్రి, కొండదారి మీద, మా అమ్మ దగ్గర తెలిసింది.

అది 2009వ సంవత్సరం, డిసెంబరు మాసం. నేనప్పుడు నర్సీపట్నంలో జూనియర్ కళాశాల ఉపన్యాసకుణ్ణి. చింతపల్లిలో ఉపాధ్యాయుడుగా పనిచేస్తున్న మా తమ్ముని ఇంట బారసాల జరిగింది. అమ్మతోను, నా శ్రీమతితోను కలిసి మా పాత కారులో వెళ్లాను. ఆ దారిలోనే లంబసింగి ఉంది. సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్న ఆ గ్రామాన్ని 'ఆంధ్ర కశ్మీరం' అంటారు. నాడు విశాఖపట్నం జిల్లాలో ఉన్న ఆ ప్రాంతం 2022 నుండి అల్లూరి సీతారామరాజు జిల్లాలో భాగమైంది. లంబసింగికి 'కొర్రబయలు' అనే మరో పేరు కూడా ఉంది. ఆరుబయట ఉండిపోయినవాడు చలికి కొయ్యబారిపోతాడని ఆ పేరుకు స్థానికులు చెప్పే అర్థం. ధనుర్మాసంలో అక్కడి ఉష్ణోగ్రత తరచుగా పది డిగ్రీల సెల్సియస్ కంటె తక్కువకు పడిపోతుంది.

ప్రయాణానికి వారం ముందే మెకానిక్కు నన్ను హెచ్చరించాడు. "బ్యాటరీ పాతదైపోయింది సార్, చలికాలం ఆగదు, మార్చేయండి" అన్నాడు. "సంక్రాంతి వెళ్లాక చూద్దాంలే" అన్నాను. బయలుదేరేటప్పుడు నా శ్రీమతి రెండు కంబళ్లు, ఒక ఫ్లాస్కు తీసుకువస్తే, "పూటలో తిరిగివచ్చేదానికి కాపురమంతా మోసుకుపోవాలా?" అని వాటిని ఇంట్లోనే పెట్టించాను. అమ్మ మాత్రం తన చిన్న మూటను ఒడిలోనే పెట్టుకుని కూర్చుంది. ఆ మూటను చూసి నవ్వుకున్నాను కూడా.

రాత్రి భోజనాలయ్యాక తమ్ముడు, "అన్నయ్యా, మంచు దిగుతోంది. రేపు ఎండ ఎక్కాక వెళ్లుదురుగాని" అన్నాడు. మరునాడు నాకు పరీక్షల విధి ఉన్నది. వినలేదు. లంబసింగి దాటి ఘాట్ రోడ్డులో దిగుతుండగా పొగమంచు తెర దించినట్లు కమ్ముకుంది. దారి బాగా కనబడాలని దీపాల కాంతి పెంచాను. ఎదుట తెల్లని గోడ తప్ప మరేమీ కనబడలేదు. మంచు తుంపరల మీద పడిన వెలుగు చెదిరి మన కళ్లలోకే తిరిగివస్తుందనీ, అటువంటి వేళ దీపాలను దించి నడపాలనీ నాకప్పుడు తెలియదు. భయపడి ఒక మలుపుకు దిగువగా కారు ఆపాను. ఇంధనం ఆదా అవుతుందని ఇంజను ఆపి, దీపాలు మాత్రం వెలిగించి ఉంచాను. గంట గడిచింది. దీపాలు పసుపుపచ్చగా మారి, కునికి, ఆరిపోయాయి. తాళం తిప్పితే ఇంజను ఒక్కసారి మూలిగి ఊరుకున్నది.

చలికి బ్యాటరీలోని రసాయన చర్య మందగిస్తుంది; ఇంజను నూనె చిక్కబడుతుంది. అంటే శక్తి తగ్గిన వేళనే ఎక్కువ బరువు మోయవలసి వస్తుంది. కొత్త బ్యాటరీ దానికి తట్టుకుంటుంది. పాతదానికి అంతటి సత్తువ ఉండదు.

చేతిదీపం తీశాను, అందులో సెల్సు అయిపోయాయి. సెల్‌ఫోనుకు సంకేతాలు అందలేదు. ఇంతలో ఒక లారీ మంచులోనుండి హఠాత్తుగా వెలువడి, మా కారుకు జానెడు ఎడంగా దూసుకుపోయింది. ఆ గాలికి కారు ఊగింది. చీకటిలో దీపం లేని మా కారు దారినపోయేవారికి బండరాయితో సమానమని అప్పుడు అర్థమైంది. వెనుక సీటులో అమ్మ ఆయాసపడుతున్నది. ఆమెకు ఉబ్బసం. ఊపిరి తీసినప్పుడల్లా పిల్లనగ్రోవి వంటి సన్నని చప్పుడు. ఎన్నో ప్రబంధాలలో హేమంత వర్ణనలు చదివి ఆనందించిన నేను, ఆ హేమంతపు రాత్రి అమ్మ చేతులను నా చేతులతో రుద్దడం తప్ప మరేమీ చేయలేకపోయాను.

అప్పుడు అమ్మ తన మూట విప్పింది. అందులో మెత్తని పాతచీర, అటుకులు, బెల్లంముక్క, శొంఠిపొడి, ఉబ్బసం మాత్రలు, చిన్న నీళ్ల సీసా, అగ్గిపెట్టె ఉన్నాయి. మాత్ర వేసుకుంది. చీరను గుండెల మీదుగా చుట్టుకుంది. "ఒక్కొక్క పుల్లే గీస్తూ ఉండు నాయనా, ఎవరికైనా కనబడుతుంది" అని అగ్గిపెట్టె నా చేతికిచ్చింది.

ఎనిమిదో పుల్లో తొమ్మిదో పుల్లో ఆరిపోతుండగా అడుగుల చప్పుడు వినిపించింది. చేను కావలికి పోతున్న ఒక గిరిజన వృద్ధుడు, ఇద్దరు యువకులు ఆ చిన్న వెలుగు చూసి ఆగారు. ఆయన మమ్మల్ని పలకరించకముందే కారు వెనుకకు వెళ్లి చూశాడు. "ఏటి బాబూ, ఎనకాల ఏటీ ఎట్టలేదు! లారీవోడికి ఎలా అగుపడతాది?" అని మందలించి, యువకులచేత ఆకుకొమ్మలు విరిపించి, కారుకు చాలా వెనుకగా, మలుపుకు పైన వేయించాడు. అవి గాలికి కదలకుండా రాళ్లు పెట్టించాడు. పిమ్మట రోడ్డు వార నెగడు వేసి, అమ్మను దాని దగ్గర కూర్చోబెట్టాడు. ఆమె ఆయాసం నెమ్మదించాక, ముగ్గురూ కారును పల్లానికి నెట్టారు. రెండవ గేరులో ఇంజను అందుకుంది.

నేను డబ్బు తీయబోతే ఆయన తీసుకోలేదు. "ఉండండి బాబూ" అంటూ తిరిగి పైకి నడిచి, కొమ్మలను, రాళ్లను ఒక్కటొక్కటిగా రోడ్డు పక్కకు ఈడ్చివేయించాడు. "మీరెలిపోతారు. రాయి ఉండిపోద్ది. ఎనకొచ్చేవోడు దాని మీద పడిపోడా?" అన్నాడు.

ఆ మాట నేటికీ నా చెవులలో ఉన్నది. నేను నా వెంట ఉన్నవారిని గురించి కూడా ఆలోచించలేదు. ఆయన తన కంటబడని, తాను ఎన్నడూ చూడబోని బాటసారిని గురించి ఆలోచించాడు.

పంచతంత్రంలో మూడు చేపల కథ ఉంది. రాబోయే ఆపదను ముందే ఊహించి తప్పుకునేది అనాగతవిధాత. ఆపద వచ్చినప్పుడు యుక్తితో బయటపడేది ప్రత్యుత్పన్నమతి. కానున్నది కాకమానదని కూర్చుని నశించేది యద్భవిష్యుడు. తరగతి గదిలో ఆ కథ ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. ఆ రాత్రి కొండదారి మీద అమ్మ అనాగతవిధాత, ఆ వృద్ధుడు ప్రత్యుత్పన్నమతి. మూడవ చేప ఎవరో వేరే చెప్పనక్కరలేదు.

మరునాడే బ్యాటరీ మార్చాను. అమ్మ కోలుకోవడానికి రెండు వారాలు పట్టింది. ఆనాటి నుండి ప్రతి కార్తికంలోను కారును పరీక్ష చేయించడం నాకు వ్రతమైంది. చలికి టైర్లలో గాలి ఒత్తిడి తగ్గుతుంది గనుక దానిని, స్టెప్నీని కూడా చూపిస్తాను. కారులో కంబళి, చేతిదీపం, నీళ్లు, మందులు, వెలుగు పడితే మెరిసే ఎర్రని హెచ్చరిక త్రికోణం, మరొక కారు బ్యాటరీ నుండి శక్తిని అందుకునే జంపర్ కేబుళ్లు ఉంటాయి. నేటి ఆటోమేటిక్ గేరు కార్లను నెట్టి నడిపించడం వీలుకాదు గనుక ఈ కేబుళ్ల అవసరం మరింత పెరిగింది. అత్యవసర సహాయానికి 112, అంబులెన్సుకు 108 సంఖ్యలను కాగితం మీద వ్రాసి ఉంచాను.

అమెరికాలోని మిన్నెసోటాలో ఉద్యోగం చేస్తున్న నా పూర్వ విద్యార్థిని ఒకసారి ఇంటికి వచ్చినప్పుడు ఈ కథ విని నవ్వింది. అక్కడ చలి సున్నాకు దిగువ ఇరవై డిగ్రీలకు మించిన రోజులుంటాయి. మంచు తోడే పార, జారే చక్రాల కింద చల్లడానికి ఇసుక, కంబళ్లు, తినుబండారాలు లేకుండా ఆమె శీతకాలంలో దూరప్రయాణం చేయదట. మంచుతుఫానులో కారు చిక్కుకుంటే దిగి నడవరాదు; కారులోనే ఉండాలి. వెచ్చదనానికి గంటకు పది నిమిషాలే ఇంజను నడపాలి. అంతకుముందు పొగగొట్టానికి అడ్డుపడిన మంచును తొలగించాలి. లేకపోతే రంగు, వాసన లేని కార్బన్ మోనాక్సైడు లోపలికి చేరి ప్రాణం తీస్తుంది. "మేము కూడా దారిబత్తెం కట్టుకునే బయలుదేరతాం మాస్టారూ" అన్నది ఆమె.

అమ్మ ఇప్పుడు లేదు. ఆమె మూట కట్టిన పాతచీర మాత్రం నా కారు డిక్కీలో, కంబళి మడతలో ఉన్నది. దాని మీద ఒక అగ్గిపెట్టె ఉంటుంది. దారిలో ఎవరి బండి ఆగి ఉన్నా నేను కారు ఆపుతాను. తిరిగి బయలుదేరే ముందు వెనుకకు నడిచి, రోడ్డు మీద రాళ్లేమైనా మిగిలాయేమో చూసి మరీ కదులుతాను.