జమ్మిచెట్టు కింద పిడుగుల రాత్రి

దుబాయ్ నుంచి గంట ప్రయాణం చేస్తే మ్లేహా వస్తుంది. షార్జా ఎమిరేట్‌లోని ఎడారి ఊరు. ఎర్రటి ఇసుక తిన్నెలు, వాటి మధ్య ‘ఫాసిల్ రాక్’ అనే రాతిగుట్ట. ఆ రాళ్లలో కోట్ల ఏళ్ల కిందటి సముద్రజీవుల గుర్తులు కనిపిస్తాయి. ఆ చుట్టుపక్కలే ఉన్న ఫాయా కొండ దగ్గర 2 లక్షల ఏళ్ల నాడే మనుషులు మసలిన ఆనవాళ్లు దొరికాయి. 2025లో యునెస్కో ఆ ప్రాంతాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

మార్చిలో ఓ శనివారం నాలుగు కుటుంబాలవాళ్లం మూడు ఫోర్‌వీల్ బళ్లలో బయల్దేరాం. ముందు బండి జగిత్యాల అన్నది. పదిహేనేళ్లుగా ఆ ఇసుకలో బండి తోలుతున్న మనిషి. తారురోడ్డు దిగగానే ఆయన చేయించిన మొదటి పని టైర్లలో గాలి తీయించడం. 35 దాకా ఉన్నదాన్ని 15కి తెచ్చాం. టైరు వెడల్పుగా పరుచుకుంటే ఇసుకలో కూరుకుపోదట. ఎండిపోయిన ఓ వాగు దాటి, తిన్నెల మీదుగా ఊగుతూ లేస్తూ వెళ్లి ఓ చెట్టు దగ్గర ఆగాం. అరబ్బులు దాన్ని ‘గాఫ్’ అంటారు. యూఏఈ జాతీయ వృక్షం. దగ్గరికెళ్లి చూస్తే మన జమ్మి! తెలంగాణ రాష్ట్ర వృక్షం ఎడారిలో ఎదురైతే పిల్లలకంటే పెద్దలకే ఎక్కువ సంబరం.

చికెన్ కాలుస్తుండగా తూర్పున హజర్ కొండల మీద మెరుపులు మొదలయ్యాయి. చప్పుడు లేదు. దీపావళిలా ఉందని పిల్లలు కేరింతలు కొట్టారు. అన్న మాత్రం పొయ్యి ఆర్పేశాడు. పావుగంట గడిచిందో లేదో చల్లటి గాలి ఒక్కసారిగా తోసుకొచ్చింది. దాని వెనకే గోడలా దుమ్ము. ఉరుములమబ్బు నుంచి కిందికి దూకిన గాలి వానకంటే ముందే ఇసుకను లేపుతుంది. రెండు టెంట్లు మేకులతో సహా ఎగిరిపోయాయి. కళ్లు తెరిస్తే ఇసుక, నోరు తెరిస్తే ఇసుక.

‘‘సామాను ఇడిసిపెట్టుండ్రి, పోరగాళ్లను బండ్లల్ల ఎక్కియ్యుండ్రి’’ అని అన్న అరుపు. ముందు బళ్లను చెట్టుకు దూరంగా, రాళ్లు తేలిన ఎత్తయిన చోటికి తీసుకెళ్లి అద్దాలు ఎత్తించాడు. పిడుగుల వేళ రబ్బరు టైర్లు కాపాడతాయని చాలామంది అనుకుంటారు. నిజానికి కాపాడేది బండి ఇనుప ఒళ్లే. పిడుగు పడినా కరెంటు పైపైన పాకి నేలలోకి దిగిపోతుంది.

అప్పుడు మొదలైంది అసలు వాదన. వాన ఇక్కడ పెద్దగా లేదు, రోడ్డు నాలుగు కిలోమీటర్లే, ఇంటికి పోదామని ఒకాయన పట్టుబట్టాడు. ఆయన చంకలో ఏడాదిన్నర పాప గుక్కపట్టి ఏడుస్తోంది. ఆ తొందర ఎవరికి అర్థం కాదు? కానీ అన్న ససేమిరా అన్నాడు. ‘‘వాన పడ్డది కొండల మీద తమ్మీ. నీళ్లు మన దిక్కే వస్తయి. నడుమ వాదీ ఉన్నది.’’

వాదీ అంటే మన వాగే. బండరాళ్ల కొండలు నీటిని పీల్చుకోవు. కురిసిందంతా జారి ఎండు వాగులోకి చేరుతుంది. వాన చుక్క పడని చోటికి కూడా వరద వచ్చేది అందుకే. 2024 ఏప్రిల్‌లో ఒమన్‌లో ఓ బడిబండి ఇలాంటి వాదీలోనే కొట్టుకుపోయి పిల్లలు చనిపోయారు. ఆ రెండు రోజులకే, 16న, యూఏఈలోని అల్ ఐన్ ప్రాంతంలో 254 మిల్లీమీటర్ల వాన పడింది. 1949లో లెక్కలు మొదలయ్యాక అక్కడ అంత వాన ఎప్పుడూ లేదు. వరద పారే వాదీలోకి బండి దించితే 2 వేల దిర్హాముల జరిమానా, 60 రోజులు బండి జప్తు అని 2023లోనే నిబంధన తెచ్చారు. జరిమానా సంగతి ఆ రాత్రి ఎవరికీ గుర్తులేదు గానీ, ఒమన్ పిల్లల మాట ఎత్తగానే పాప తండ్రి ఇంజిన్ ఆపేశాడు.

రాత్రంతా కూర్చునే కునుకు తీశాం. తెల్లారాక తిన్నె ఎక్కి చూస్తే, నిన్న దాటొచ్చిన వాగులో ఎర్రనీళ్లు సుళ్లు తిరుగుతున్నాయి. ఒడ్డున ఓ తుమ్మచెట్టు సగం దాకా మునిగి ఉంది. పాప తండ్రి చాలాసేపు అటే చూస్తూ నిలబడ్డాడు.

నీరు తగ్గేసరికి మధ్యాహ్నమైంది. ఈలోగా మిగిలిన రవ్వతో ఉప్మా చేసుకున్నాం. కాస్త ఇసుక కలిసినా ఎవరూ వంక పెట్టలేదు. తడిసిన తిన్నెలు గట్టిపడటంతో బళ్లు వచ్చినప్పటికంటే సులువుగా నడిచాయి. రోడ్డెక్కాక చిన్న కంప్రెసర్‌తో ఒక్కో టైరుకూ గాలి కొట్టుకుంటుంటే, నిన్నటి టెంట్లలో ఒకటి కంచెకు చిక్కి రెపరెపలాడుతూ కనిపించింది.