ఒక్క మెలిక



మొన్న మా అమ్మకు 70 నిండాయని ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టుకున్నాం. తమ్ముడు తన కొడుకును గుమ్మం దాకా దింపి వెళ్లిపోయాడు. చెరువు కింద పొలం పంచుకున్నప్పటి నుంచి, 3 ఏళ్లుగా, మాకు మాటల్లేవు. సమాధానపడమని మీకు చెప్పేది ఈ నోటితోనే.

కేకు కోశాక పిల్లలు అల్లరి మొదలెట్టారు. పాత పేపరులోంచి పొడవాటి పట్టీ కత్తిరించి, ఒక కొసను సగం తిప్పు తిప్పి, రెండో కొసకు అతికించాను.

"నడిమధ్యన చుట్టూతా కోస్తే ఎన్ని చక్రాలొస్తాయి?"

"రెండు!"

కోశాను. ఒక్కటే వచ్చింది, రెట్టింపు పొడవుతో. అమ్మ కూడా కళ్లజోడు పెట్టుకుని తిప్పి తిప్పి చూసింది.

మాయేమీ లేదు. ఆ మెలికతో పట్టీకి ఒకే ముఖం, ఒకే అంచు మిగులుతాయి. 1858లో మోబియస్, లిస్టింగ్ అనే జర్మన్ పండితులు ఎవరికి వారే దీన్ని కనిపెట్టారు. అంచు నుంచి మూడో వంతులో కోస్తే మాత్రం రెండొస్తాయి. ఒకటి చిన్నది, ఒకటి పెద్దది, గొలుసులా ఒకదానిలో ఒకటి.

"పెదనాన్నా, ఇవి నాకిస్తావా? నాన్నకు చూపిస్తా" అన్నాడు తమ్ముడి కొడుకు.

రాత్రి 9 దాటాక ఫోను. తమ్ముడు.

"వీడు పడుకోనివ్వట్లేదు. రెండోదానికి కత్తెర ఎక్కడ పెట్టాలి?"

"అంచు నుంచి మూడో వంతులో. ఒక చుట్టు తిరిగాక మొదలెట్టిన చోట కలవదు. అయినా ఆపకు, కొయ్యి."

ఫోను పెట్టెయ్యలేదు వాడు. కత్తెర చప్పుడు వినిపిస్తూనే ఉంది.